ఒంటి చేత్తో మడిచేది

దుకాణంలో అడుగు పెట్టీపెట్టగానే మా మోరాగ్
పసుపుపచ్చ బండి దగ్గరికి వెళ్ళి నిలబడిపోయింది.
నేను జేబులోంచి టేపు తీశాను.

"కొలతలు తర్వాత, నాన్నా."
తర్వాత అనే మాట బస్సు నడిపినవాడికి రాదు.
ముప్పై ఒక్క ఏళ్ళు డండీ వీధుల్లో తిప్పాను.
సందెంతో, బండెంతో
దూరకముందే తెలియాలి.

పెద్ద చక్రాలది ఒకటుంది, రథం.
అందులో పసివాడు కాదు,
నగర పెద్దలెవరో ఊరేగాలి.
వెడల్పు డెబ్భై. మా రాతిమెట్ల మలుపు అరవై ఎనిమిది.
రెండు సెంటీమీటర్లే కదండీ, అంది అమ్మే పిల్ల.
ఆ రెండు సెంటీమీటర్లకే నేనొకసారి
పక్క అద్దమూ, సగం నెల జీతమూ పోగొట్టుకున్నాను.

మూడు చక్రాలది, పరుగెత్తే తల్లుల కోసమట.
మా తల్లి వైపు చూశాను. ఎనిమిదో నెల.
కుర్చీలో కూలబడి బూట్లు విప్పుకుంటోంది.

అప్పుడు సంచీలోంచి బంగాళాదుంపలు పైకి తీశాను.
నాలుగు కిలోలు, ఇంట్లోనే తూచి తెచ్చాను.
ఒక్కో బండిలో పడుకోబెట్టి, పట్టీ బిగించి
ఈ గోడ నుంచి ఆ గోడకి తోశాను.
గడప ఎక్కించాను, దించాను.
ఎవరో ముసలావిడ వంగి చూసి
"అచ్చం తాత పోలికే" అంది.

అందరం నవ్వాం.
నా కాలు మాత్రం అలవాటుగా బ్రేకు మీదే ఉంది.

మా అమ్మాయికి ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది.
ఫిబ్రవరి. టే నది మీంచి వాన అడ్డంగా కొడుతోంది.
హిల్‌టౌన్ ఎగువ స్టాపులో ఒక పసిబిడ్డ తల్లి.
లోపల అప్పటికే రెండు బండ్లు.
మూడోదానికి చోటు లేదు, అది రూలు.
మడవమన్నాను.
ఒక చంకలో బిడ్డ, రెండో చేత్తో మీట.
మీట కదల్లేదు.
మోకాలితో తన్నింది. పళ్ళతో తొడుగు లాగింది.
వెనక సీట్లో ఎవరో గడియారం చూసి గొణిగారు.
అప్పటికే నాలుగు నిమిషాలు ఆలస్యం.
తలుపు మూసేశాను.

అద్దంలో ఆమె చిన్నదైంది, ఇంకా చిన్నదైంది.
తిట్టలేదు.
తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

అందుకే అమ్మలూ,
ఆ రంగు బాగుంది, ఆ గొడుగు బాగుంది,
టీ కప్పు పెట్టుకునే గూడూ బాగుంది.
నేను మాత్రం దుంపల్ని చంకనేసుకుని
ఎడమ చేత్తో ఒక్కోదాన్నీ మడిచి చూస్తాను.
ఒకటి వేలు కరిచింది.
ఒకటి సగం వంగి మొండికేసింది.
ఒకటి రెండు చేతులూ కావాలంది.
బిడ్డ ఉన్న మనిషికి
రెండు చేతులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

చివరికి ఓ మూలన, బూడిద రంగుది.
కిటికీ ఎండకి అంచు వెలిసింది, ధర తగ్గించారు.
మీట నొక్కాను.
కుక్కపిల్ల కాళ్ళు ముడుచుకున్నట్టు
చడీచప్పుడు లేకుండా ఒదిగింది.
విప్పాను. మడిచాను. విప్పాను.
అమ్మే పిల్ల మరో గిరాకీ దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఇందులో పసుపుపచ్చ లేదా?"
లేదు.
మోరాగ్ ఉత్త మేజోళ్ళతో లేచి వచ్చి
నా చంకలోంచి దుంపల సంచీ అందుకుంది.
పొట్ట మీద ఆనించుకుని
తనే మడిచింది, ఒక్క చేత్తో.
కాసేపు ఏమీ అనలేదు.
"వీటినిక వండుకోలేం, నాన్నా" అంది.

ఇంటికి బస్సులోనే వెళ్ళాం.
నడిపే కుర్రాడు నోరు తెరిచేలోపే
మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.
బండ్ల చోటు ఖాళీగానే ఉంది.
ప్రతి స్టాపులోనూ మెడ చాచి చూశాను,
ఎవరైనా ఎక్కుతారేమోనని.