ఒరిజినల్ తెచ్చుకోండి

గాంధీనగర్‌లో ఈ జిరాక్స్ షాపు నాది కాదు,
మిషను వేడి మాత్రం నాది.
ఒక మాస్టారు పాత పుస్తకం ఇచ్చి
నలభై పేజీలు తీసి ఉంచమ్మా అని
టీకి వెళ్ళాడు.

మూత ఎత్తినప్పుడల్లా అదే బొమ్మ.
మొలకి చుట్టుకునేంత వెడల్పు పట్టీ, నిండా పూసలు.
ఊదా, తెలుపు అని కింద రాసుంది.
మా మిషనుకి ఊదా తెలీదు,
నల్లగా తీసి చేతిలో పెట్టింది.

ఇరోక్వా అనే జనమట. ఐదు తెగలు
కొట్టుకుని కొట్టుకుని అలిసి
ఒకే పొడుగాటి ఇంటివాళ్ళమనుకున్న నాటి మాటని
సముద్రపు చిప్పలు అరగదీసి, చిల్లు పొడిచి, అల్లుకున్నారట.
తెల్లవాళ్ళొచ్చి దాన్ని డబ్బనుకున్నారట.

నవ్వొచ్చింది నాకు.
మా నాంచారమ్మ దండని కూడా
తాకట్టుకొట్టు సేటు త్రాసులో వేసి చూశాడు.

మేం పూసలోళ్ళం.
దువ్వెనలు, పిన్నీసులు, సవరాలు, నల్లపూసలు
గంపకెత్తుకుని నాయనమ్మ తిరిగిన దారి
నున్న, వెలగలేరు, జి.కొండూరు, ఆగిరిపల్లి.
అక్షరం రాదు. అందుకని గుచ్చేది.
అప్పున్న ఇంటికి ఎర్రది,
అడక్కుండా అన్నం పెట్టిన ఇంటికి తెల్లది,
మనవాళ్ళలో ఎవరైనా పుడితే ఒకటి, పోతే ఒకటి.
మాలో ఇంకెవరూ అట్లా చెయ్యరు. ఆమె ఒక్కతే.
పిచ్చి ముసల్దన్నారు, దండ పొడుగవుతూనే ఉంది.

ఆమె పోయిన నాలుగేళ్ళకి బుడమేరొచ్చింది.
సింగ్‌నగర్‌లో మంచం మీద మంచమేసుకుని
పాల ప్యాకెట్ల పడవ కోసం అరిచాం.
నీళ్ళు తీశాక చూస్తే
రేషన్ కార్డు అంబలి, కుల పత్రం అంబలి,
దండకి దారం కుళ్ళి తెగిపోయింది.
పూసలకి మాత్రం తడి అంటలేదు.

ఒండ్రు చేటల్లో కెత్తి, కడిగి, చీర కొంగు మీద పోసి
కోటిరత్నం అత్త, అంకాలు పిన్ని, నేను
ఒక రాత్రంతా కొట్లాడాం.
ఈ నీలం ఆగిరిపల్లిది.
కాదు, ఆగిరిపల్లికి గీతలున్న పూస.
గీతలది నువ్వే పిన్నీ,
వెలగలేరు బస్టాపులో నొప్పులొస్తే
బట్టలుతికే సుగుణమ్మ బొడ్డు కోసింది, అప్పుడు గుచ్చింది.
నలభై ఆరేళ్ళు వచ్చాక పిన్ని
తను పుట్టిన చోటు విని
దారం కొస నోట్లో పెట్టుకుని ఊరుకుండిపోయింది.

పచ్చది ఒకటి మిగిలింది.
ఎక్కడిదో ముగ్గురికీ తెలీదు.
పారెయ్యడానికి ముగ్గురికీ చేతులు రాలేదు.
చివర ముడి దగ్గర గుచ్చాం, ఎవరైనా అడగనీ అని.

పట్టీ దానంతటది మాట్లాడదట,
చదివే మనిషి చేతుల్లో పట్టుకుని
అందరి ముందూ చెప్పాలట.
ఇరవై మూడో పేజీలో ఉంది ఆ సంగతి.
కొన్ని పట్టీలు అద్దాల పెట్టెల్లోకి పోతే
మా గొంతులు మాకివ్వండని
ఏళ్ళ తరబడి అడిగారట.

ఎమ్మార్వో ఆఫీసులో మమ్మల్నీ అడిగారు,
మీరు వాళ్ళేనని రుజువేంటి?
అత్త మెళ్ళో దండ తీసి బల్ల మీద పెట్టింది.
గుమాస్తా ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా
దాన్నే బరువుగా పెట్టుకుని,
ఒరిజినల్ తెచ్చుకోండి అన్నాడు.
రోజుకి ఇరవైమందికి నేను చెప్పే మాటే అది.

ఇవాళ దండ నా సంచిలో ఉంది, దారం మార్చాలి.
అద్దం మీద పరిచాను.
మూత సరిగ్గా పడలేదు,
పక్కల నుంచి పచ్చటి వెలుగు కారింది.
నల్లటి చుక్కల వరస ఒకటి
వేడివేడిగా బయటికొచ్చింది.

మాస్టారు టీ తాగొచ్చి, వేలు తడిచేసుకుని లెక్కపెట్టాడు.
నలభై ఒకటున్నాయేంటమ్మా?

నలభైకే తీసుకున్నాను.