వందకి పద్నాలుగు

కోర్విన్ దీవిలో నది ఇళ్ళకన్నా ఎత్తున పారుతుంది.
వంటగది కిటికీలోంచి తలెత్తితే
బేరి తోటల వెనక, కట్ట అంచు మీదుగా
ఓడ పొగగొట్టం ఒక్కటే నడిచిపోతూ కనిపిస్తుంది.
కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు.
మేం కాఫీలో పంచదార కలుపుకుంటాం.

నేను ఇదలీనా ఫుర్తాడోని.
ఇరవై రెండేళ్ళుగా కరకట్ట జిల్లా గుమాస్తాని.
ఆఫీసంటే ఒక గది, ఒక ఫ్యాను,
ఒకప్పుడు నీళ్ళెంత ఎత్తుకొచ్చాయో
గోడ మీద పెన్సిలు గీత.
గీత పక్కన, నాకు ముందు పనిచేసినావిడ చేతిరాత:
"ఇకనించీ ఫైళ్ళు పైఅరలో."

ఈ ఏడు శిస్తు పెంచాలన్నారు.
వంద డాలర్ల ఆస్తికి పద్నాలుగు సెంట్లున్నది
ఇరవై మూడు చేయాలని.
తొమ్మిది సెంట్లే కదా, అన్నాడు ఇంజనీరు,
బబుల్ గమ్ కూడా రాదు.
నా తోటంతటికీ కట్టి చూపించు ఆ బబుల్ గమ్ లెక్క,
అన్నాడు బార్తొలొమ్యూ క్రేన్.

సెంటు చిత్రమైన మాట.
నేలనీ కొలుస్తుంది, డబ్బునీ కొలుస్తుంది,
నీటి దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటుంది.

బడి వ్యాయామశాలలో సభ.
బాస్కెట్‌బాల్ వల కింద నిలబడి క్రేన్ అన్నాడు కదా,
"మా ముత్తాత మట్టి మోసి కట్టిన కట్ట ఇది!"
మూడో వరసలోంచి హేజెల్ ఓయాంగ్ లేచింది,
ఎనభై ఒకటో ఏట, చేతికర్ర కుర్చీకే ఆనించి వదిలేసి.
"మోసింది మా ముత్తాత.
మీ ముత్తాత గుర్రం దిగకుండా గంపలు లెక్కపెట్టాడు."
ఎవరో నవ్వారు. ఎవరో దగ్గారు.
తీర్మానంలో దగ్గు రాయను నేను.

ఓటు కవరులో వస్తుంది, పోస్టులో.
ఆస్తి విలువ ఎంతో ఓటు బరువూ అంతే.
క్రేన్ కవరు వెయ్యిన్నూట నలభై.
హేజెల్‌ది మూడు.
రాత్రంతా కట్ట మీద లాంతరుతో తిరిగే ఎవరిస్టోకి
కవరే రాదు.
అతని ట్రెయిలరు నిలబడింది క్రేన్ నేల మీద.

అవునన్నవాళ్ళు నూట ఆరుగురు.
కాదన్నవాళ్ళు పదిహేడుగురు.
కాదు గెలిచింది.
రెండుసార్లు కూడాను, మూడోసారి చేతివేళ్ళ మీద.
తర్వాత టైపు కొట్టాను: వందకి పద్నాలుగు, యథాతథం.

జనవరిలో, తెల్లారగట్ల మూడు కాకముందే
ఎవరిస్టో తలుపు తట్టాడు.
చేతిలో ఊరగాయ సీసా, సీసాలో నీళ్ళు.
ఊట తేటగా ఉంటే కట్టకి చెమట పట్టినట్టు,
బురదగా ఉంటే కట్ట లోలోపలే లేచి వెళ్ళిపోతున్నట్టు.
ఈ సంగతి ఏ ఇంజనీరూ చెప్పలేదతనికి,
పదకొండు చలికాలాలు చెప్పాయి.
"పోయిన వారం తేట. నిన్న టీ రంగు.
ఇదిగో, ఇది ఇప్పుడు."

మేం వెళ్ళేసరికి క్రేన్ అప్పటికే ఉన్నాడక్కడ,
రైన్‌కోటు కింద పైజమాతో,
ఇసక బస్తా నోరు తెరిచి పట్టుకుని.
ఎవరిస్టో పార అందుకున్నాడు.
నేను రెండో లాంతరు పట్టుకున్నాను.
ఓటు మాట ఎవరం ఎత్తలేదు.
ఊట చుట్టూ బస్తాలు బావి ఒరలా లేచాయి,
మొదట మోకాలెత్తు, తర్వాత నడుమెత్తు,
లోపలి నీళ్ళ రంగు కాస్త మారింది,
లేక తెల్లారింది, చెప్పలేను.

"దీన్ని ఏ పద్దు కింద రాస్తావు?" అడిగాడు క్రేన్,
వేళ్ళు ఊదుకుంటూ.
ఇంకా పేరు పెట్టలేదన్నాను.

ఆఫీసుకొచ్చి సీసా వెలుగుకి ఎత్తి చూశాను.
అడుగున బొటనవేలు మందాన మట్టి పేరుకుంది.
ఎవరి తోటదో, ఎవరి ముత్తాత మోసిన గంపలోదో.
దానికి సర్వే నంబరు లేదు.
ఏ కవరూ రాలేదు దాని పేరున.

సీసాని పైఅరలో పెట్టాను, ఫైళ్ళ పక్కన.
కొత్త బిల్లులు ప్రింటర్లోంచి వస్తున్నాయి
వెచ్చవెచ్చగా, ఒక్కొక్కటే,
వందకి పద్నాలుగు చొప్పున.