సర్దుడు

మందస టీకొట్టు ముందు, తెల్లారకుండానే
సోంబారి నా సంచీని బోర్లించేసింది.
"ఏటిది బాబూ, కాపరానికొచ్చినావా, కొండకొచ్చినావా?"

దుప్పటి అడుక్కి కుక్కింది.
బియ్యం, గిన్నె, నీళ్ళ డబ్బా
వెన్నుపూసకి ఆనించి నిలబెట్టింది.
"బరువు ఈపుని కరుసుకోవాల,
దూరంగా ఏలాడితే ఎనక్కి లాగెత్తాది."
వానకోటు అన్నిటికన్నా పైన.
"మబ్బు నిన్నడిగి రాదు."
జీడిపప్పు పొట్లం పక్కజేబులో,
సగం తన కొంగులో.

మూడో ప్యాంటు, లావుపాటి పుస్తకం,
ఇస్త్రీ చొక్కా
బల్లకింద పెట్టించింది.
"దిగొచ్చినాక అట్టుకెళ్దువు."

మహేంద్రగిరి మీద చలిమంట రాత్రి
వాటి ఊసే రాలేదు.

మందస రోడ్డులో రైలెక్కి
సంచీ ఒళ్ళో పెట్టుకున్నాక
గుర్తొచ్చాయి.
ఆ చొక్కా ఎవరికోసం ఇస్త్రీ చేశానో
అది మాత్రం
పలాస దాటినా గుర్తు రాలేదు.