చిలుము

మిర్చి సీజన్ల ఊపిరి సలపని రాజమొగిలి
ఎనుమాముల కాడికెళ్లి ఆటోల వచ్చిండు.
కాళ్లకాడ గోనెసంచి, సంచిల కంప్యూటర్ డబ్బా.
సంచి మీద నీలిసిరతోటి ఇంకా ఉన్నది:
తేజ, నలభై రెండు కిలోలు.

మరలిప్పి మూత తీస్తే
మొదలు వచ్చింది తుమ్ము.
రెండోది కూడా తుమ్మే.
ముప్పై యేండ్ల మిర్చిదుమ్ము
ఫ్యాను రెక్కలకు ఎర్రగ అంటుకోని ఉన్నది.
"దీనికి రోజూ దిష్టి తీసినవా మొగిలీ?" అన్న.
నవ్వలే.

దుమ్ము ఊదినంక కనపడ్డది అసలు సంగతి.
బోర్డు మూలకు బొటనవేలంత బ్యాటరీ,
పగిలి, కారి, ఎండి,
చుట్టూ పచ్చగ చిలుము.
కరెంటు లేనప్పుడు సుత
టైమెంతయిందో యాదిపెట్టుకునుడే దాని పని.
ఆ పని చేసుకుంటనే
పక్కనున్న రాగిదారులను తిన్నది.

"కొత్తది కొనరాదు?"
"కొన్న. అంకె నిలుస్తలేదు.
బండి కాంటా ఎక్కితే ఇరవై కిలోలు అటూ ఇటూ ఊగుతది.
రైతు నా మొకం చూస్తడు,
నేను అంకె మొకం చూస్త.
ఇదైతే నిలవడ్డదంటే నిలవడ్డదే."

మా అమ్మ రాగిబిందెను చింతపండుతోటి తోమేది.
నేను నిమ్మకాయ పిండిన,
కింద బజ్జీల బండికాడ అడుక్కొచ్చింది.
పాత పండ్లబ్రష్షుతోటి మెల్లగ.
సన్నగ నురగొచ్చింది, చప్పుడు లేకుంట.
చిలుము పోయినకాడ రాగి లేదు.
కొన్నికాడ్ల చిలుమే రాగిలెక్క నిలవడి ఉండె,
కడిగితేనే తెగింది.

స్పిరిట్ పోసి, మేడ మీద ఎండకు పెట్టిన,
పక్కింటోళ్ల వడియాల పక్కన.
కాకికి రెండూ ఒక్కటే అనిపించినట్టున్నది,
రెండిట్లనూ ముక్కు పెట్టింది.

భూతద్దం కింద లెక్కపెడితే పదకొండు తెగినయి.
కొత్తవాడల తివాచీలు నేసిన మా తాత
పోగు తెగితే నాలుక తడితోటి
రెండు కొసలు మెలిపెట్టేటోడు, మాట ఆపకుంట.
నాకిక్కడ నాలుక పనికిరాదు.
పాత టెలిఫోన్ తీగల ఒక్క వెంట్రుకంత,
ఇంత గుగ్గిలం, ఇంత సీసం,
ఊపిరి బిగబట్టుడు.
పొగ పోయినంక మీటర్ ముల్లు పెడితే
కూత పెడతది, దారి కలిసిందని.

పది దారులు కూత పెట్టినయి.
పదకొండోది చిప్పు కిందికి పోయి
ఎటు తేలుతదో తెల్వదు.
రెండు రాత్రులు దాని ఎనుకనే తిరిగిన.
ఆఖరుకు అది కీబోర్డు కాడ తేలింది.
రోజూ పొద్దుమీకి వచ్చి స్టూలు మీద కూసుంటున్న రాజమొగిలి
ఆ కూత విని లేచి నిలవడ్డడు,
నేనేం చెప్పకముందే.

నాలుగోనాడు కరెంటిచ్చిన.
ఫ్యాను తిరిగింది. అంకెలు పరుగెత్తినయి.
పందొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటి అన్నది తెర,
ఏమాత్రం సిగ్గు లేకుంట.
రాజమొగిలి ఫోన్ల చూసి తారీకు కొట్టిండు,
ఒక్కో అక్షరం, ఒక్క వేలుతోటి.

పోయిన సీజన్ చిట్టా తెరుచుకున్నది.
ఆఖరు లైను సగంలనే ఆగి ఉన్నది:
నిండు బండి, నాలుగువేల ఆరువందల ఎనభై.
ఖాళీ బండి,
అని రాసినకాడ చిన్న గీత మినుకుమంటున్నది.

"చిట్యాల ట్రాక్టరు" అన్నడు, చూసీ చూడంగనే.
"సరుకు దించుకోని మళ్ల వచ్చేసరికి ఇది చచ్చింది.
ఖాళీ తూకం పాత చీటి చూసి చేత్తోటి రాసిచ్చిన."
కొంచెం సేపాగి,
"తక్కువ రాసిన్నో, ఎక్కువ రాసిన్నో."

తీసెయ్యాల్నా ఆ లైను, అన్న.
చెయ్యి అడ్డం పెట్టిండు తెరకు.
"ఉండనీ. ఆ ట్రాలీ ఎల్లుండి వస్తది.
ఖాళీగ ఒక్కపారి ఎక్కించి చూస్త."

కొత్త బ్యాటరీ బోర్డు మీద పెట్టలే.
రెండు తీగలు గుంజి డబ్బా గోడకు అతికించిన.
కారితే గోడ మీద కారని.

పదిహేను వందలిచ్చిండు.
లెక్కపెడుతుంటే
నోట్లకెళ్లి మూడో తుమ్ము.