పతకాల కుట్టుకూలి

లంగర్‌హౌజ్‌ల మా దుకాణం ఎనిమిదడుగుల వెడల్పు.
తోపుఖానా సెంటర్ల బ్యూగల్ ఊదంగనె
మా నాయిన షట్టరు లేపేటోడు, ఇప్పుడు నేను.
రంగురూట్ల ప్యాంట్లు పొట్టి చేసుడు,
భుజాల మీద చుక్కలు కుట్టుడు,
పింఛనైనోళ్ల కోట్లు నడుము కాడ వదులు చేసుడు.

మేజర్ ఆశీర్వాదం సారు వచ్చిన దినం ముసురు వట్టింది.
ఉస్మానియా బిస్కెట్ల డబ్బా బోర్లిస్తె
కౌంటర్ మీద ఆరు పతకాలు, ఒక కంచు తామరాకు.
"ఎల్లుండి గన్నర్ల దినం. వరుసల కుట్టు" అన్నడు.
ఎడమ చెవి పనిచెయ్యదట.
కుడి పక్కకు జరిగి అడిగిన:
"పట్టీలు మార్చాల్నా?"

మార్చాలె. అరవై అయిదుది పురుగు కొట్టింది,
డెబ్బై ఒకటిది ఇంకా కలరా ఉండల వాసన.
సేనా మెడల్ పట్టీ ఎర్రది, నడిమిట్ల సన్నటి తెల్ల గీత.
పాపిట తీసినట్టుండాలె బిడ్డా, అనేటోడు మా నాయిన,
గీత వంకర వోతె
ఆ మనిషి చేసిన పనే వంకర వోయినట్టు కనబడ్తది.

అయిపోయినయనుకుంటె
డబ్బా అడుగుల ఇంకోటి అతుక్కొని ఉన్నది.
ఇత్తడిది. కొక్కెం లేదు. మూడు సింహాలు లేవు.
బూటు, బంతి, అరిగిన అక్షరాలు:
జింఖానా గ్రౌండ్, రెండో స్థానం.

"ఇది కూడ."
"సారు, ఇది గిండ్ల రాదు. కాయిదా ఒప్పుకోదు."
నవ్విండు. ముందటి పళ్లు రెండు కట్టుడువి,
ఎవని మోకాలో తగిలి ఊడినయట.

బొల్లారం నుంచి సైకిల్ తొక్కుకుంట వచ్చి
గోల్‌ల నిలబడేటోడు, ఇర్వై ఏండ్లప్పుడు.
ఇప్పటికీ చేతులు తాంబాలాల లెక్కనే ఉన్నయి.
ఆట చూసి పట్టాళం పిలిచింది,
తోపుల దిక్కు పంపింది.
తోపు కాడ కాదు ఈయన పని, ఇంకా ముంగట,
గుట్ట మీద బోర్ల పండుకొని దుర్బీన్‌ల చూసుడు.
ఎక్కడ పడ్డది, ఎంత ఎడమకు, ఎంత దూరం,
వైర్‌లెస్‌ల చెప్పుడు.
మల్ల చూసుడు.

"గోల్‌ల నిలబడ్డోనికి వచ్చేదాన్ని ఆపుడే పని.
ఆ ఫైనల్‌ల ఒక్కటి ఆపలె,
వేళ్లకు తగిలి లోపటికి పోయింది.
సికింద్రాబాద్ మొత్తం తిట్టింది."
చాయ చల్లారుతున్నది, ముట్టలె.
"అటెన్క నేను పంపినయి
ఒక్కటి గూడ అవతల ఎవ్వడు ఆపలె.
గోల్‌ల మనిషే లేడు.
దానికి ఇవి ఇచ్చిన్రు."

నేనేమనాలె? నోట్ల దారం ఉన్నది.
వాన రేకుల మీద కొడ్తున్నది,
ఆయనకు అది సగమే వినొస్తదని యాదికొచ్చింది.

ఆరింటిని కాయిదా ప్రకారమే కుట్టిన,
పెద్దది రొమ్ము నడుమకు, చిన్నది చంక దిక్కు.
తర్వాత కోటు అస్తరు విప్పి
వాటికి సరిగ్గ ఎన్కాల ఒక చిన్న జేబు పెట్టిన.
అద్దం ముంగట తొడుక్కొని తట్టి చూసుకున్నడు.
పైనవి గలగలమన్నయి,
లోపటిది సప్పుడు చెయ్యలె.

"ఎంత?"
"ఆరింటికి నూటిర్వై."
"ఏడు గదా?"
కుడి చెవి దిక్కు వంగి చెప్పిన:
"దానికి రేటు తెల్వది సారు."

నూటనలభై పెట్టి వానల్నే పోయిండు,
డబ్బా మర్చిపోయిండు.
మల్ల రాలె.
అండ్ల సూదులు ఏస్కున్న.