గీకేసిన ముద్ర

తెల్లారితే రిపబ్లిక్కు.
చిత్తూరు తాలూకా కచ్చేరీలో
ముద్ర మీద ఇంకా రాజుగారి కిరీటం.
కొత్త ముద్ర మద్రాసులో తయారవుతోందట,
కాట్పాడి మీదుగా రైల్లో వస్తుందట.
పాతది వాడరాదన్న ఆర్డరు మాత్రం
ముందే వచ్చేసింది.

"వాడరాదు, సరే. పని ఆపరాదని కూడా రాశారే.
ఏం చేద్దామంటావు, నరహరయ్యా?"
అని తాసీల్దారు నన్నడిగాడు.
నేనేం చెప్పను.
పదిహేనేళ్ళుగా పైవాళ్ళు చెప్పింది
శుభ్రంగా తిరగరాయడమే నా విద్య.
మనమే పైవాళ్ళమయ్యాక
ఎవర్ని చూసి రాయాలో
ఏ మాన్యువల్లోనూ లేదు.

డఫేదారు మొగిలప్ప మంగలికత్తి తెచ్చాడు.
మెట్టు మీద కూచుని
ముద్రను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
కిరీటాన్ని గీకాడు,
చింతపండులో గింజ తీసినంత ఓపికగా.
రబ్బరు పొట్టు నల్లగా పంచెలోకి రాలింది.
"పాయె సామీ దొర" అన్నాడు, ఉఫ్ మని ఊది.
"యాడికీ పోలేదు, నీ పంచెలోనే ఉండాడు"
అన్నాడు తాసీల్దారు.
ఆ వారమంతా కచ్చేరీ నవ్విన నవ్వు అదొక్కటే.

కాగితం మీద కొట్టి చూస్తే
చుట్టూ అక్షరాలు,
నడిమధ్య ఒట్టి సున్నా.

వరండాలో జనం.
నీవా ఏట్లో చెలమ తవ్వితే ఇసకే వచ్చిన ఏడు.
బావి దించడానికి తకావీ అప్పు కావాలి,
గంజికి చీటీ కావాలి,
జమీ పోయిందంటున్నారు, ఇక శిస్తు
ఎవరి చేతిలో పెట్టాలో తెలియాలి.
ఒక ముసలాయన మాత్రం ఏమీ అడగలేదు.
సాతంత్రం వచ్చిన కాగితం ఉంటే
ఒకసారి చూసి పోతానన్నాడు.
లేదనడానికి నోరు రాక
"అది మద్రాసులో ఉంది" అన్నాను.
తలూపి వెళ్ళిపోయాడు.
మంచివన్నీ అక్కడే కదా ఉండేది.

నెమిలిగుంటపల్లె గంగులమ్మ తకావీకి వచ్చింది.
మొగుడు లేడు. ఎకరా ముప్పై సెంట్లు.
బావిలో నాలుగు మట్ల కింద బండ.
అర్జీ రాశాను. ముద్ర వేశాను.
ఎక్కడ నిశానీ పెట్టాలో చూపించేలోగా
బొటనవేలికి సిరా పూసుకుని
ఆ సున్నాలో ఒత్తేసింది.
సరిగ్గా పట్టింది.
కిరీటం ఉండే చోట వేలి గీతలు,
చిన్న చేను దున్నినట్టు,
గట్టు వంకరపోయిన చోట వంకరగానే.
"ఆడ ఖాళీ పెట్టింది నాకోసరం గాదా?"

తాసీల్దారు కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి
చాలాసేపు చూశాడు.
పంపించెయ్ అన్నాడు.

కలెక్టరాఫీసు మాకు అర మైలు.
ఫైలు పోయి రావడానికి పందొమ్మిది రోజులు.
ఎర్రసిరాలో రెండు ముక్కలు:
ముద్ర అస్పష్టము. వేలిముద్ర ఉండవలసిన చోట లేదు.
అది రాసినవాణ్ణి నేనెరుగుదును.
నలభై రెండులో రాయవేలూరు జైల్లో
పురుగుల సంగటి తిన్నవాడు.
లాఠీకి జంకనివాడు
ఆడిట్‌కి జంకాడు.
నేను జైలుకైనా పోలేదు,
వాణ్ణి ఏమనగలను.

కొత్త అర్జీ మడిచి జేబులో పెట్టుకుని
సైకిలు మీద నెమిలిగుంటపల్లె పోయాను.
కొట్టంలో ఒక గుంజ ఖాళీ.
మిగిలిన ఎద్దు నావైపు చూసింది.
గంగులమ్మ ఏదంటే బావి చూపించారు.
ఒరకు దగ్గర నిలబడి పిలిచాను.
అడుగున సమ్మెట ఆగింది.
"ఎవురదీ?"
"గవర్నమెంటు" అన్నాను, అలవాటుగా.
బావి ఆ మాటను కిందికి తీసుకుపోయి
సగం చేసి పైకి పంపింది.
ఆనక, రాతిదుమ్ము నిండిన గొంతు:
"వచ్చినావు గదా,
ఆ తాడు రొంత పట్టుకో సామీ."

పట్టుకున్నాను.
గంపలో ఏముందో కనబడలేదు.
సిరా వేళ్ళలో కొబ్బరిపీచు
కోసుకుంటూ పోయింది.
ఎద్దు చూస్తూనే ఉంది.