చెవి వెనక

క్యాథరిన్‌లో నవంబరు.
వాన రాదు,
వస్తానని మాత్రం రోజూ ఉరుముతుంది.

తెల్లారగట్ల ఆస్పత్రి లాండ్రీ నుంచి వచ్చేసరికి
వంటింటి తెల్ల పలకల మీద నాలుగు ఎర్ర చుక్కలు.
పండుమిరప పచ్చడి చెంచా నేనే జార్చానేమో అనుకున్నాను.
ఫ్రిజ్ పక్కన డాంపర్
ముక్కు నాకుతూ, నాకుతూ,
తప్పు చేసిన మొహంతో.

డాంపర్ అంటే ఇక్కడ బూడిదలో కాల్చే రొట్టె.
దీని రంగూ అదే, మాడిన అంచులతో సహా.
పక్కింటి నోరీన్ డార్విన్ వెళ్ళిపోతూ
పేరునీ కుక్కనీ కలిపి ఇచ్చేసింది,
గొలుసు మరిచిపోయింది.

డాక్టరమ్మ పై పెదవి ఎత్తి చూసింది.
చిగుళ్ళు, ఉతికి ఉతికి వెలిసిన దుప్పటి.
ఆ రంగు నాకు బాగా తెలుసు.
పొట్ట మీద ఎవరూ కొట్టని దెబ్బల నీలాలు.
"పిడుదు ఎప్పుడో కరిచి ఉంటుంది.
అది రాలిపోయినా
దించిన క్రిమి రక్తంలో కాపురం పెట్టింది.
ఎర్లీకియా. ఈ దేశానికి కొత్త జబ్బు."
నేనూ కొత్తే అనబోయి ఊరుకున్నాను.

ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు.
ఖాళీ కడుపున వద్దంది, పెరుగులో అసలే వద్దంది.
మందు దాచడానికి నాకు తెలిసిన చోటు
పెరుగన్నం ఒక్కటే.
కోడి కార్జం కోయడం నేర్చుకున్నాను.

సాయంత్రాలు వెనక మెట్ల మీద
మా పెద్దమ్మ నా తల ఒళ్ళోకి లాక్కుని పేలు చూసినట్టే
చూస్తాను. చెవి వెనక, చంక కింద, వేళ్ళ సందుల్లో.
అదీ నాలాగే సగం నిద్రలో తల వాల్చేస్తుంది.
మొటిమ అనుకుంటాను మొదట.
కాదు, కాళ్ళు మొలిచిన ఆముదపు గింజ.
పట్టకారు చర్మానికి ఆనించి
నలపకుండా, మెలిపెట్టకుండా, తిన్నగా.
జామ్ సీసాలో స్పిరిట్.
మునిగాక కూడా కాసేపు నడుస్తుంది.
"పిడుదులా పట్టుకున్నావేమే" అని తిట్టేది పెద్దమ్మ,
నేను కొంగు వదలకపోతే.
ఇంత గట్టిగానా, అనిపించింది ఇవాళ.

పందొమ్మిదో రోజు
గేటు దాకా పరిగెత్తి పోస్టువాడి మీద మొరిగింది.
సగంలో ఆగి, దమ్ము తీసుకుని,
వాడు వీధి మలుపు తిరిగాక
మిగతా సగం మొరిగింది.

మళ్ళీ రక్తం చూడాలి, పూర్తిగా పోయిందని
ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ.

రాత్రి లాండ్రీలో దుప్పట్లు మడుస్తుంటే
వేలికి ఒక దారపు ముడి తగిలింది.
దీపం కిందికి తీసుకెళ్ళి
గోటితో కదిపాను,
కాళ్ళున్నాయేమోనని.